విక్టోరియా కాలపు ‘జస్టిస్’ వారపత్రికను నిలబెట్టింది ఎవరు?

చరిత్ర విద్యార్థిని, గుంటూరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో చరిత్ర ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. పందొమ్మిదో శతాబ్దం చివరి దశకాల్లో ఇంగ్లండులో వెలువడిన సోషలిస్టు పత్రికల మీద సెమినారు పత్రం రాయవలసి ఉంది. 1884 జనవరిలో లండన్‌లో మొదలైన ‘జస్టిస్’ వారపత్రికను ప్రధానాంశంగా తీసుకున్నాను. డెమొక్రటిక్ ఫెడరేషన్ అనే సంస్థ దానిని ప్రారంభించింది. అదే ఏడాది ఆ సంస్థ పేరు సోషల్ డెమొక్రటిక్ ఫెడరేషన్‌గా మారింది.

నా సందేహం ఇది. మా తరగతిలో ఈ పత్రిక గురించి చర్చ జరిగినప్పుడు ఒక అభిప్రాయం బలంగా వినిపించింది. పత్రిక వెనుక ప్రధానంగా ఉన్న హిండ్‌మన్ కేంబ్రిడ్జిలో చదివిన ధనికుడు; మొదటి పెట్టుబడిగా 300 పౌండ్లు ఇచ్చిన ఎడ్వర్డ్ కార్పెంటర్ కూడా కేంబ్రిడ్జి వాడే; నష్టాలు పూడ్చిన కవి విలియం మోరిస్ ఒక వ్యాపార సంస్థకు యజమాని. అందువల్ల ఇది సంపన్నుల వ్యాపకమే గాని కార్మికుల పత్రిక కాదని మిత్రులు తేల్చేశారు. నాకు ఆ మాట మింగుడుపడటం లేదు. వ్యాపకంగా పెట్టిన పత్రిక 1884 నుంచి 1925 దాకా ఎలా నడుస్తుంది? ఇంకొకటి కూడా ఉంది. నేను చూసిన పుస్తకాలలో మోరిస్ తరువాత నడిపిన మరో సోషలిస్టు పత్రిక ‘కామన్‌వీల్’ గురించి పేజీలకు పేజీలు ఉంటే, ‘జస్టిస్’ గురించి నాలుగు వాక్యాలకు మించి ఉండటం లేదు. దీనికి కారణమేమిటో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, విజయవాడ

అమ్మా, డబ్బు ఎవరు పెట్టారన్నది తరువాత చూద్దాం. ఒక పెన్నీకి వారపత్రిక అమ్మడం అసలు ఎప్పటినుంచి వీలైందో ముందుగా చూడండి. 1855 వరకు ఇంగ్లండులో పత్రిక ప్రతి ఒక్కదాని మీద ప్రభుత్వానికి స్టాంపు సుంకం చెల్లించాలి. 1836కు ముందు అది నాలుగు పెన్నీలు, ఆ తరువాత ఒక పెన్నీ. అంటే పెన్నీ పత్రికను చట్టప్రకారం నడిపితే అమ్మిన ధర మొత్తం సుంకానికే సరిపోతుంది. ప్రకటనల మీది పన్ను 1853లో, స్టాంపు సుంకం 1855లో, కాగితం మీది పన్ను 1861లో రద్దయ్యాయి. 1870 విద్యా చట్టం తరువాత కూలివాళ్ళ పిల్లలు కూడా బడికి వెళ్ళడం పెరిగింది. 1884 నాటికి, చదవడం వచ్చిన కార్మికుడు కూడా కొనగలిగే ధరకు పత్రికను చట్టబద్ధంగా అచ్చువేసే పరిస్థితి ఏర్పడింది. ఈ నేపథ్యం లేకుండా హిండ్‌మన్ గారి జేబు గురించి మాత్రమే మాట్లాడితే చరిత్ర కురచబారుతుంది.

ఇక ఆ 300 పౌండ్ల సంగతి. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు. పెన్నీ పత్రిక లెక్కన చూస్తే అది 72,000 ప్రతుల వెల. ప్రారంభానికి అది పెద్ద ఊతమే కాని, ప్రతి వారం నష్టం వచ్చే పత్రికకు అది ఎన్నాళ్ళు సరిపోతుంది? సంపన్నుడు ఆస్తిని ఉద్యమానికి ఇవ్వడం వేరు, ఉద్యమాన్ని ఆస్తిగా చేసుకోవడం వేరు. పుచ్చలపల్లి సుందరయ్య గారు తమ వాటా ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు కదా, ఆ కారణంగా 1942లో మన బెజవాడలో మొదలైన ‘ప్రజాశక్తి’ని భూస్వాముల వ్యాపకం అని ఎవరమైనా అంటామా?

హిండ్‌మన్, మోరిస్, ఈటన్ పాఠశాలలో ఉపాధ్యాయ ఉద్యోగం పోగొట్టుకున్న జాయిన్స్, సైన్యంలో అధికారిగా చేసి వచ్చిన ఛాంపియన్ వంటివారు ఫ్లీట్ స్ట్రీట్, స్ట్రాండ్ వీధుల్లో నిలబడి స్వయంగా ఈ పత్రికను కేకవేసి అమ్మారు. హిండ్‌మన్ పొడవాటి కోటు, ఎత్తు టోపీ తీయకుండానే అమ్మాడు. మోరిస్ తనకు అలవాటైన నీలం దుస్తులలో, మెత్తటి టోపీతో అమ్మాడు. ఫ్లీట్ స్ట్రీట్ లండన్ పత్రికా కార్యాలయాలకు నెలవైన వీధి. పెద్ద పత్రికల గుమ్మం ముందు నిలబడి తమ పత్రికను అమ్మడంలో ఒక సవాలు ఉంది.

మోరిస్ వేరే పత్రిక పెట్టడానికి దారితీసిన ఫెడరేషన్ చీలిక గురించి క్లుప్తంగా చెబుతాను. 1884 డిసెంబరు 27న కార్యవర్గ సమావేశంలో హిండ్‌మన్ పోకడల మీద 10–8 ఓట్లతో మెజారిటీ సంపాదించిన పక్షమే, అంటే మోరిస్, మార్క్స్ కుమార్తె ఎలియనార్ మార్క్స్, ఆమె సహచరుడు ఎవ్లింగ్, సోషలిస్టు రచయిత బాక్స్ తదితరులు, రాజీనామా చేసి బయటికి వచ్చి సోషలిస్ట్ లీగ్ స్థాపించారు. గెలిచిన పక్షం సంస్థనూ పత్రికనూ ఓడిన పక్షానికి వదిలిపెట్టింది. ఉండి పోరాడితే ‘జస్టిస్’ వారి చేతికే వచ్చేది. నా దృష్టిలో అది నైతికంగా గొప్ప నిర్ణయమే గాని, సంస్థ పరంగా పొరపాటు. 1885 ఫిబ్రవరిలో ‘కామన్‌వీల్’ మాసపత్రికగా వచ్చింది. 1886 మే 1 నుంచి వారపత్రిక అయింది.

పుస్తకాలలో ‘కామన్‌వీల్’కు పెద్దపీట ఎందుకన్నారు. ‘ఎ డ్రీమ్ ఆఫ్ జాన్ బాల్’, ‘న్యూస్ ఫ్రమ్ నోవేర్’ అనే మోరిస్ రచనలు ధారావాహికలుగా దానిలోనే వచ్చాయి. మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ దానికి వ్యాసం ఇచ్చారు. సాహిత్య చరిత్రకారులు దాని దగ్గరికి వెళ్ళడం సహజం. ‘జస్టిస్’కు ఆ అదృష్టం లేదు సరికదా, ఎంగెల్స్ ఆగ్రహం కూడా అంటుకుంది. 1881లో హిండ్‌మన్ తన పుస్తకంలో మార్క్స్ భావాలను మార్క్స్ పేరు చెప్పకుండా వాడుకున్నాడు. ఆ గాయం ఎంగెల్స్ చివరిదాకా మరువలేదు, ఆయన ఉత్తరాలను ఆధారం చేసుకున్నవారికి ‘జస్టిస్’ మొదటినుంచీ చిన్నచూపు. 1885 ఎన్నికలలో హిండ్‌మన్ టోరీల (కన్జర్వేటివ్ పార్టీ వారి) డబ్బు తీసుకుని హాంప్‌స్టెడ్‌లోనూ కెన్నింగ్టన్‌లోనూ అభ్యర్థులను నిలిపి, వరుసగా 27, 32 ఓట్లు తెచ్చుకున్న ఉదంతం ఆ చిన్నచూపును మరింత పెంచింది.

అయితే ‘కామన్‌వీల్’ ఎంతకాలం నిలిచింది? 1890లో లీగ్‌లోని అరాచకవాదులు మోరిస్‌ను సంపాదకత్వం నుంచి తప్పించారు. ఆ ఏడాది చివరికి ఆయన లీగ్‌నే వదిలేశారు. 1892లో అప్పటి సంపాదకుడు డేవిడ్ నికోల్‌కు ఒక వ్యాసం కారణంగా 18 నెలల జైలుశిక్ష పడింది. 1894లో పత్రిక ఆగిపోయింది. అదే 1894 జూన్‌లో, తాను సోషలిస్టుగా ఎలా మారారో వివరించే వ్యాసాన్ని మోరిస్ ‘జస్టిస్’కే రాశారు. ఈ ఒక్క విషయం మీ పత్రంలో తప్పక ఉండాలి.

మాజీ కంపోజిటర్, విజయవాడ

మాస్టారు చెప్పినదంతా చదివాను. ఆయన మీద గౌరవంతోనే ఒక లోటు ఎత్తిచూపుతున్నాను. ఇంతసేపూ హిండ్‌మన్, మోరిస్ అన్నారు గాని, పత్రికను ఎక్కువకాలం మోసిన మనిషి పేరు ఇంకా రాలేదు. అతని పేరు హ్యారీ క్వెల్చ్. అమ్మా, మీ మిత్రుల వాదనకు అసలు జవాబు అతనే.

క్వెల్చ్ 1858లో బెర్క్‌షైర్‌లోని హంగర్‌ఫోర్డ్ అనే చిన్న ఊరిలో ఒక కమ్మరి ఇంట్లో పుట్టాడు. పదేళ్ళ వయసులో పనికి వెళ్ళాడు. తరువాత లండన్ చేరి గోదాములో సరుకు కట్టలు కట్టే పని చేశాడు. ఆ పని చేస్తూనే ఫ్రెంచి, జర్మన్ నేర్చుకున్నాడు. 1886లో ‘జస్టిస్’ సంపాదకుడై, నడుమ కొంత విరామం తప్ప 1913లో మరణించే దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. మార్క్స్ ఫ్రెంచిలో రాసిన ‘పావర్టీ ఆఫ్ ఫిలాసఫీ’ని ఇంగ్లీషులోకి తెచ్చింది అతనే, అది 1900లో అచ్చయింది. లండన్ కార్మిక సంఘాల ఉమ్మడి సంస్థ అయిన లండన్ ట్రేడ్స్ కౌన్సిల్‌కు అధ్యక్షుడిగానూ పనిచేశాడు. పదేళ్ళకే కూలికి వెళ్ళినవాడు పాతికేళ్ళు సంపాదకుడిగా ఉన్న పత్రికను సంపన్నుల వ్యాపకం అనడం నాకు బాధ కలిగిస్తుంది.

నేను బెజవాడ ప్రెస్సులలో చేతి కూర్పు (అచ్చు అక్షరాలను చేత్తో పేర్చే) పనిలో చాలాకాలం ఉన్నవాణ్ణి, ట్రెడిల్ మిషన్ల నుంచి ఆఫ్‌సెట్ వచ్చేదాకా చూసినవాణ్ణి. వారపత్రిక కష్టం ఎక్కడుంటుందో చెప్పగలను. పనివాళ్ళకు శనివారం శనివారం కూలి చెల్లించాలి, కాగితానికి ముందే డబ్బు కట్టాలి, అమ్మకం డబ్బు మాత్రం కట్టలు తీసుకువెళ్ళిన శాఖలు ఎప్పుడు పంపితే అప్పుడే వస్తుంది. బయటి ప్రెస్సులో అచ్చువేయించుకునే పత్రిక రెండు వారాలు బాకీ పడితే మూడో వారం ఫారం (అచ్చుకు బిగించిన పేజీల చట్రం) మిషన్ ఎక్కదు. కాబట్టి సొంత ప్రెస్సు ఉన్న పత్రికే బతుకుతుంది. మొదట్లో ‘జస్టిస్’ ఛాంపియన్‌కు చెందిన మోడరన్ ప్రెస్‌లో అచ్చయ్యేది. ఫెడరేషన్ వాళ్ళు తరువాత ట్వెంటీయత్ సెంచరీ ప్రెస్ అనే సొంత ముద్రణాలయాన్ని ఏర్పాటు చేసుకుని, 1893లో దానిని క్లెర్కెన్‌వెల్ గ్రీన్‌లోని 37ఎ నంబరు భవనంలోకి మార్చారు. అది 1738లో వెల్ష్ పిల్లల ధర్మ పాఠశాల కోసం కట్టిన భవనం. అక్కడి మొదటి ఏడాది అద్దెకు మోరిస్ హామీ ఉన్నారు. అప్పటికి ఆయన ఫెడరేషన్ వదిలి ఎనిమిదేళ్ళు దాటింది. కరపత్రాలు, చిన్న పుస్తకాలు, వాల్టర్ క్రేన్ బొమ్మల సంపుటం, క్వెల్చ్ అనువాదం, అన్నీ ఆ ప్రెస్సులోనే అచ్చయ్యాయి. నలభై ఏళ్ళలో రెండువేలకు పైగా సంచికలు రావడానికి అసలైన ఆధారం ఆ ప్రెస్సేనని నా గట్టి నమ్మకం.

ఇక్కడే ఒక ముచ్చట ఉంది. 1902–03లో లెనిన్, ఆయన సహచరులు తమ రష్యన్ విప్లవ పత్రిక ‘ఇస్క్రా’ను లండన్ నుంచి వెలువరించవలసి వచ్చినప్పుడు క్వెల్చ్ తన ప్రెస్సును వారికి ఇచ్చాడు. స్థలం చాలక, సంపాదకుడైన తానే ఒక మూలకు సర్దుకున్నాడు. క్వెల్చ్ మరణించినప్పుడు లెనిన్ రాసిన వ్యాసంలో ఆ మూల వర్ణన ఉంది. ప్రెస్సులో ఒక పక్కగా పలుచని చెక్క అడ్డుగోడ, లోపల ఒక చాలా చిన్న రాతబల్ల, దానిపైన ఒక పుస్తకాల అర, ఒక కుర్చీ. చూడటానికి వెళ్ళినవారికి రెండో కుర్చీ వేయడానికి చోటు లేదు. ప్రెస్సులో పనిచేసినవారికి ఇందులోని త్యాగం వెంటనే తెలుస్తుంది. అక్షరాల కేసులు (అరల పెట్టెలు) పెట్టే స్టాండ్లకు, ఫారాలు బిగించే బల్లకు, తడి ఆరని కాగితాలు పరిచే చోటుకు మధ్య ఒక్క గజం నేల కోసం రోజూ తగువులు పడతాం. అటువంటి చోట ముక్కూముఖం తెలియని దేశం వాళ్ళకు, తాను చదవలేని భాషలోని పత్రికకు, తన గది వదిలి ఇచ్చాడు. ఆ భవనమే 1933 నుంచి మార్క్స్ స్మారక గ్రంథాలయంగా ఉంది, లెనిన్ పనిచేసిన చిన్న గదిని అక్కడ ఇప్పటికీ చూపిస్తారు. క్వెల్చ్ గురించి మాత్రం ఎంతమందికి తెలుసు?

చరిత్ర విద్యార్థిని, గుంటూరు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నేను క్వెల్చ్‌ను సంపాదకుల జాబితాలో ఒక పేరుగా మాత్రమే చూశాను. ఇప్పుడు పత్రానికి ఆయననే కేంద్రం చేసుకోవాలనిపిస్తోంది. మరో రెండు విషయాలు అడగవచ్చునా? భారతదేశం గురించి ఈ పత్రిక వర్గం ఏ వైఖరి తీసుకుంది? అలాగే, ఇప్పటివరకు మీరు చెప్పినవన్నీ పత్రికకు మెప్పు తెచ్చేవే. దానిలో మచ్చలు ఏమీ లేవా?

గ్రంథాలయ పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

సోదరీ, ఈ రెండింటికీ నేను జవాబిస్తాను, ఎందుకంటే హిండ్‌మన్ గురించి నేను చదవడం మొదలుపెట్టిందే భారతదేశం విషయమై.

మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే 1876–78 కరువు హిండ్‌మన్‌ను కదిలించింది. 1878లోనే ఆయన భారతదేశం దివాలా తీస్తోందని ఒక ప్రసిద్ధ మాసపత్రికలో వ్యాసం రాశాడు, 1886లో ఆ శీర్షికతోనే పుస్తకం తెచ్చాడు. ఇక్కడి రైతు కట్టిన శిస్తులో పెద్ద భాగం పింఛన్లుగా, జీతాలుగా, వడ్డీలుగా ఇంగ్లండుకు తరలిపోతోందన్నది వాదన. దాదాభాయ్ నౌరోజీ లెక్కలు కట్టి చెబుతూ వచ్చిన సంగతే అది, ఇద్దరూ మిత్రులు. కాబట్టి ‘జస్టిస్’ పుట్టేనాటికే దాని ప్రధాన నాయకుడికి మన దేశపు దోపిడీ గురించి స్థిరమైన అభిప్రాయం ఉంది. ఆనాటి ఇతర ఇంగ్లీషు సోషలిస్టులలో ఇంతటి శ్రద్ధ అరుదు.

1904 ఆగస్టులో ఆమ్‌స్టర్‌డామ్ అంతర్జాతీయ సోషలిస్టు మహాసభలో నౌరోజీ మాట్లాడటానికి లేచినప్పుడు ప్రతినిధులంతా లేచి నిలబడి గౌరవించారు. 1905 జులై 1న శ్యామ్‌జీ కృష్ణవర్మ లండన్ హైగేట్‌లో నెలకొల్పిన ఇండియా హౌస్‌ను ప్రారంభించింది హిండ్‌మన్. ఆ సభలో ‘జస్టిస్’ తరఫున క్వెల్చ్ ఉన్నాడు. 1907 ఆగస్టులో మేడమ్ కామా భారత పతాకాన్ని ఎగురవేసిన స్టట్‌గార్ట్ మహాసభ మనందరికీ తెలుసు. అదే మహాసభలో క్వెల్చ్, అప్పుడు హేగ్‌లో జరుగుతున్న ప్రభుత్వాల శాంతి సమావేశాన్ని దొంగల విందు అన్నాడు. స్టట్‌గార్ట్ ఉన్న జర్మన్ రాజ్యమైన వుర్టెంబర్గ్ ప్రభుత్వం అతన్ని వెంటనే అక్కడి నుంచి వెళ్ళగొట్టింది. మర్నాడు బ్రిటిష్ ప్రతినిధులు అతని కుర్చీని ఖాళీగా ఉంచి, ఇక్కడ కూర్చున్న హ్యారీ క్వెల్చ్‌ను వుర్టెంబర్గ్ ప్రభుత్వం బహిష్కరించింది అని రాసిన పలక దానికి తగిలించారు. మన పాఠ్యపుస్తకాలలో కామా పతాకం పక్కనే ఈ కుర్చీ కూడా ఉండవలసింది.

మచ్చలున్నాయి, వాటిని దాచకూడదు. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు ‘జస్టిస్’ యుద్ధాన్ని వ్యతిరేకించింది సరే, ఆ వ్యతిరేకతను యూదుల మీద ద్వేషంగా మళ్ళించే రాతలు హిండ్‌మన్ రాశాడు. పెట్టుబడిదారుల నేరాన్ని ఒక జాతికి అంటగట్టడం సోషలిస్టు పత్రిక చేయకూడని పని. పార్టీలోనే థియోడర్ రోత్‌స్టీన్, బాక్స్ వంటివారు దానికి అభ్యంతరం చెప్పారు. అదే బాక్స్ స్త్రీల హక్కుల విషయంలో మాత్రం ఈ పత్రికలోనే అన్యాయమైన వాదనలు చేశాడు. 1895లో ఎలియనార్ మార్క్స్ అతన్ని బహిరంగ చర్చకు సవాలు చేశారు. తరువాతి కాలంలో డోరా మాంటిఫియోరి స్త్రీల శీర్షిక నడిపి ఆ లోటు కొంత తీర్చారు. ఒకే పత్రికలో ఈ రెండు గొంతులూ వినిపించడాన్ని మీరు విడిగా పరిశీలిస్తే మంచి అధ్యాయం అవుతుంది.

అన్నిటికంటే పెద్ద మచ్చ 1914. క్వెల్చ్ పోయిన మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. హిండ్‌మన్ యుద్ధాన్ని సమర్థించాడు, పత్రిక ఆయన వెంట నడిచింది. అప్పటికి బ్రిటిష్ సోషలిస్ట్ పార్టీగా మారిన ఆ సంస్థలో మెజారిటీ యుద్ధానికి వ్యతిరేకం కావడంతో వారు 1916లో ‘ది కాల్’ అనే వేరే పత్రిక పెట్టుకున్నారు. ఆ ఏడాది ఈస్టర్‌కు జరిగిన సమావేశం నుంచి హిండ్‌మన్ వర్గం బయటికి నడిచింది. ‘జస్టిస్’ హిండ్‌మన్ వర్గం చేతిలో మిగిలింది.

విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, విజయవాడ

కంపోజిటర్ గారి అభ్యంతరం న్యాయమైనది. క్వెల్చ్‌ను వదిలి నేను చెప్పిన చరిత్ర సగమే. అయితే ఒక్కచోట ఆయనతో విభేదిస్తాను. సొంత ప్రెస్సు ఉన్నంత మాత్రాన పత్రిక నిలవదు. కొనేవాడు వీధిలో దొరకాలి. ఆ రోజులలో పత్రికకు బజారు ఆరుబయలు సభలే. 1885 సెప్టెంబరులో లండన్ తూర్పు భాగంలోని డాడ్ స్ట్రీట్‌లో రాకపోకలకు అడ్డమనే నెపంతో పోలీసులు ఉపన్యాసకులను పట్టుకుపోతుంటే, అప్పటికే విడిపోయిన ఫెడరేషన్, లీగ్ రెండూ కలిసి ఆ వీధిని కాపాడుకున్నాయి. కోర్టులో జరిగిన గలాటాలో మోరిస్‌ను కూడా పట్టుకుని న్యాయాధికారి ముందు నిలబెట్టారు. మీరెవరని అడిగితే ఆయన తాను కళాకారుడినని, రచయితనని, ఐరోపా అంతటా తన పేరు తెలుసునని జవాబిచ్చాడు. ఆ వీధి పోయి ఉంటే సభ పోయేది, సభతోపాటు పెన్నీ ఇచ్చి పత్రిక కొనే మనిషి కూడా పోయేవాడు. పత్రికా స్వేచ్ఛ, సభా స్వేచ్ఛ ఒకదానికొకటి ఎలా ఆధారమో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అమ్మా, మీ పత్రాన్ని 1884 నుంచి 1913 వరకే పరిమితం చేయమని నా సలహా. 1916 తరువాతి ‘జస్టిస్’ పేరు పాతదే గాని స్వభావం వేరు. 1925లో వారపత్రిక ఆగి, ‘సోషల్ డెమొక్రాట్’ పేరుతో మాసపత్రికగా 1933 దాకా కొనసాగింది. దానికి ఒక పేరా చాలు.

మాజీ కంపోజిటర్, విజయవాడ

మాస్టారి మాటకు ఒప్పుకుంటున్నాను. మా బెజవాడలోనూ కార్యకర్తలు బస్టాండులో, మిల్లుల గేట్ల దగ్గర నిలబడి అమ్మకపోతే పార్టీ పత్రికల కట్టలు ప్రెస్సులోనే ఉండిపోయేవి.

అమ్మా, ఒక చిన్న సలహా. ‘జస్టిస్’ పాత సంచికల ఛాయాప్రతులు మార్క్సిస్ట్స్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాటిని తెరిచినప్పుడు వ్యాసాలతోపాటు, చివరి పేజీ అడుగున ముద్రాపకుడి పేరు, చిరునామా ఉండే వరుసను ప్రతి సంవత్సరానికీ రాసి పెట్టుకోండి. ఆ వరుస మారిన ప్రతిచోటా పత్రిక చేతులు మారిందో, ఇల్లు మారిందో, బాకీ పడిందో ఏదో ఒక కారణం ఉంటుంది. అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టండి.